మాడపాటి హనుమంతరావు పంతులు

హైదరాబాదు నగరమున హుస్సేనుసాగరపు కట్టకు దిగువనున్న పేటలలో నారాయణగూడ యొకటి. అచ్చట మాడపాటి హనుమంతరావు పంతులుగారి పేర నొక బాలికోన్నత పాఠశాల కలదు. ఆ పేరు వెనుక నొక సుదీర్ఘమైన కృషి యున్నది.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయి, సూర్యాపేటలో మేనమామల యింట పెరిగిరి. అది నిజాము రాజ్యము. కచేరీలలో ఉర్దూయే చెల్లుచుండెను. పంతులుగారు ఆ భాషను చక్కగా నేర్చి, కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, పిదప న్యాయవాదియైరి. ఉర్దూ వారికి జీవనమును, గౌరవమును ఇచ్చెను. అయినను తల్లిభాషను వారు మరువలేదు.

1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార మహాసభ జరిగెను. పూనాలో స్త్రీవిద్యకై పాటుపడిన కార్వే పండితుడు దాని కధ్యక్షుడు. అల్లంపల్లి వెంకటరామారావను వకీలు తెలుగున మాటలాడ మొదలిడగా, సభలో కొందరు అల్లరిచేసి యాతని మాట సాగనీయరైరి. రాజ్యమున ఇంచుమించు సగముమంది పలుకు భాషకు రాజధానిలో పట్టిన గతి యిది!

తెలుగువారు కేకలకు బదులు కేకలు వేయలేదు. ఆంధ్ర జనసంఘమును స్థాపించుకొనిరి. పంతులుగారు దానికి కార్యదర్శియై గ్రంథాలయములను ప్రోత్సహించిరి, వెట్టిచాకిరిని ఖండించిరి. ఆ దినములలో అధికారి ఊరికి వచ్చినచో పేదవాడు కూలి లేకయే మూటలు మోయవలెను. వృత్తిపనివాడు వెల లేకయే సరకు లీయవలెను. 1935లో సిరిసిల్లలో జరిగిన ఆంధ్ర మహాసభకు పంతులుగారే అధ్యక్షులైరి.

1928లో వారి కృషివలన ఆంధ్ర బాలికా పాఠశాల వెలసెను. అందు బోధన తెలుగున సాగుటచే ప్రభుత్వము గుర్తింపు నీయలేదు. గుర్తింపు లేనిచో పరీక్ష లేదు. పరీక్ష లేనిచో ఏ తల్లిదండ్రులు పిల్లలను పంపుదురు? అపుడు పంతులుగారు పాఠశాలను పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధము గావించిరి. ఏ పెద్ద అధ్యక్షతవహించిన సభలో తెలుగుమాట సాగలేదో, ఆ పెద్ద నెలకొల్పిన విద్యాలయమే తెలుగు బాలికల చదువునకు అండయయ్యెను!

పిదప పదవులు వచ్చినవి. 1951 మొదలు 1954 వరకు పంతులుగారు హైదరాబాదు నగరమునకు మేయరుగా నుండిరి. 1955లో పద్మభూషణ బిరుదము నందిరి. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనమండలి కధ్యక్షులుగా నుండిరి. తాము నడిపిన యుద్యమ చరిత్రమును ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అను గ్రంథముగా రచించిరి. ప్రజలు వారిని ‘ఆంధ్ర పితామహు’డని గౌరవించిరి. 1970 నవంబరు 11వ తేదీన వారు పరమపదించిరి.

పదవులకు గడువు లున్నవి, అవి ముగిసినవి. నారాయణగూడ పాఠశాలలో మాత్రము ప్రతి యుదయము గంట మ్రోగుచునే యున్నది.