ఎలక్ట్రాన్ అడుగు తప్పకుండా నడవాలంటే...

అర్ధవాహకాలు అనగానే మనకు ఇంటర్‌లో చదివిన డయోడు, ట్రాన్సిస్టరు గుర్తుకొస్తాయి. అక్కడ ఎలక్ట్రాన్ ఆవేశాన్నే లెక్కలోకి తీసుకున్నాం. ఎలక్ట్రాన్‌కు స్పిన్ అనే మరో గుణం ఉంది. దానిని అతి చిన్న అయస్కాంత సూచిక అనుకోవచ్చు. ఆ సూచికతో సమాచారం మోయించాలని శాస్త్రజ్ఞుల ప్రయత్నం. చిక్కల్లా ఆ సమాచారం దారిలో చెడిపోవడమే.

సంబద్ధత అంటే ఏమిటి?

అమీర్‌పేట మైత్రీవనం నుండి వందమంది విద్యార్థులు ఎన్.సి.సి. కవాతులా ఒకే అడుగుతో పంజాగుట్టకు బయలుదేరారనుకుందాం. రద్దీలో ఒకరు ఇటు, ఒకరు అటు తప్పుకుంటారు. చివరికి వందమందీ చేరతారు, అడుగుల పొందిక మాత్రం మిగలదు. చేరిన మనుషులు ఆవేశం వంటివారు. పోయిన పొందికే స్పిన్ సంబద్ధత.

ఎందుకు చెడుతుంది?

గాలియం ఆర్సెనైడ్ వంటి స్ఫటికంలో కదిలే ఎలక్ట్రాన్‌కు లోపల ఒక అయస్కాంత క్షేత్రం ఉన్నట్లే అనిపిస్తుంది. దాని దిశ ఎలక్ట్రాన్ వెళ్లే దిశను బట్టి మారుతుంది. అందువల్ల ఒక్కొక్క స్పిన్ ఒక్కో వైపు తిరుగుతుంది. 1971లో ద్యాకొనోవ్, పెరెల్ దీనిని వివరించారు. విచిత్రమేమిటంటే, ఈ పద్ధతిలో తరచూ ఢీకొనడం మేలే చేస్తుంది! స్పిన్ ఎక్కువగా తిరిగేలోపే దిశ మారిపోతుంది. అయితే అన్ని ఢీలూ మంచివి కావు, కొన్నింటిలో స్పినే తిరగబడుతుంది.

ఎలా కాపాడతారు?

1931లో సి.వి.రామన్, మన తెలుగువారైన సూరి భగవంతం ఫోటాన్‌కూ స్పిన్ ఉందని ప్రయోగంతో చూపారు. భగవంతం గారు నిజాం కాలేజీ విద్యార్థి, తరువాత ఉస్మానియా ఉపకులపతి. వృత్తాకార ధ్రువిత కాంతి పడితే ఫోటాన్ల స్పిన్ ఎలక్ట్రాన్లకు అందుతుంది. ఈ ఉపాయంతోనే అమెరికాలో కిక్కావా, ఆషలోమ్ ప్రయోగాలు చేశారు. తగు మోతాదులో మాదీకరణం చేసిన గాలియం ఆర్సెనైడ్‌లో, అతి శీతల స్థితిలో, సంబద్ధత 100 నానో సెకన్లకు పైగా నిలిచిందని 1998లో తెలిపారు. 1999లో దానిని 100 మైక్రోమీటర్లకు పైగా, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు మించి నడిపించారు.

సిలికాన్ ఇంకా అనుకూలం. అందులో 95 శాతానికి పైగా పరమాణువుల కేంద్రకాలకు స్పిన్ లేదు కనుక అలజడి తక్కువ. ఇప్పుడు ఎలక్ట్రాన్‌ను రద్దీలో నడిపించకుండా, వోల్టేజితో కదిలే ఒక గుంటలో కూర్చోబెట్టి తీసుకెళ్తున్నారు. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి పంజాగుట్టలో దిగినట్లన్నమాట! 2025లో ప్రచురితమైన డెల్ఫ్ట్ ప్రయోగంలో, ముందుకూ వెనక్కూ కలిపి 10 మైక్రోమీటర్ల ప్రయాణం తరువాత కూడా స్పిన్ 99 శాతానికి పైగా చెక్కుచెదరలేదు. క్వాంటం కంప్యూటర్‌కు ఇదెంతో అవసరం.

ముగింపు

అమీర్‌పేటలో ఒక కోర్సు నేర్చి త్వరగా ఉద్యోగం తెచ్చుకోవడం మనలో చాలామందికి ఇంటి అవసరం. అందులో తప్పులేదు. కాని ఆ సాఫ్ట్‌వేర్ నడిచే చిప్పు లోపలి శాస్త్రం మనకు అందనిదని ఎవరూ అనుకోవద్దు. దాని మొదటి మెట్లు మన ఇంటర్ పుస్తకంలోని అర్ధవాహకాలు, ధ్రువణం పాఠాలే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు ఏటా ఒకరిద్దరైనా మన హాస్టల్ నుండి రావాలని మా కోరిక.