అంబాసిడర్ కారుకు మన బోరు నీళ్లు ఎందుకు పడవు?

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3. హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివర మొదలుపెట్టిన దీని తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్న బండ్లను ఇంటివద్దే కాపాడుకోవాలంటే ముందు రేడియేటరు చూసుకోవాలి.

జమ్మలమడుగు చుట్టుపక్కల సున్నపురాయి ఎక్కువ. అలాంటి నేలలోని బోరు నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. నీరు కాగితే అది కాల్షియం కార్బొనేటుగా మారి పేరుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున మనం చూసే తెల్లని గార ఇదే. రేడియేటరు గొట్టాల్లో గార పడితే వేడి బయటికి పోదు. ఇంజను మరిగి, హెడ్ గాస్కెట్ పోతుంది.

మనం చేయవలసినవి:

1. ఇంజను పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. లోపల ఒత్తిడి ఉంటుంది. వేడిమీద తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.
2. పాత నీరంతా వదిలేసి, తుప్పురంగు పోయేదాకా కడగాలి.
3. డిస్టిల్డ్ వాటరులో కూలెంటు కలిపి పోయాలి.
4. ఫ్యాను బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగాలి. వాటరు పంపును తిప్పేదీ ఈ బెల్టే.

ప్రొద్దుటూరు, పులివెందుల షెడ్లలో పని నేర్చుకోబోయే తమ్ముళ్లకు మేము ముఖ్యంగా చెప్పేది మొదటి సూత్రమే. గాస్కెట్ పోతే మార్చుకోవచ్చు, కళ్లు పోతే తెచ్చుకోలేము.