అటక మీది లెగ్ హార్మోనియం – మళ్ళీ పలికించడం ఎలా?

మానవుడు తయారు చేసుకున్న వాద్యాలలో కొన్ని తీగతో, కొన్ని తోలుతో, కొన్ని గాలితో పలుకుతాయి. గాలితో పలికే వాటిలో మన పల్లె ప్రజలకు బాగా దగ్గరైనది హార్మోనియం. మన పెద్దలు దీనిని ‘హార్మణీ పెట్టె’ అంటారు. ఇందులో ఒక చేతితో తిత్తి ఆడిస్తూ, రెండవ చేతితో వాయించేది ఒక రకం. కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించేది మరొక రకం. ఈ రెండవదే లెగ్ హార్మోనియం.

ఒకప్పుడు పద్యనాటకం ఆడుతున్నారంటే స్టేజీ పక్కన ఈ పెట్టె ఉండి తీరవలసిందే. నేడు చాలా చోట్ల దాని స్థానంలోకి ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. పాత పెట్టెలు అటకల మీద, చర్చి గదుల్లో, భజన మందిరాల మూలల్లో దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. పాత సామాన్లు కొనేవాళ్ళు వచ్చి లోపలి ఇత్తడిని కిలోల లెక్కన తూచి తీసుకుపోతే ఇక అది తిరిగి రాదు. అంతకు ముందే ఆ పెట్టెను గుర్తించి, బాగు చేసి, మళ్ళీ పలికించడం ఎలాగో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పుట్టుపూర్వోత్తరాలు

పలుచని లోహపు నాలుక గాలికి కంపించి స్వరం పుట్టడమే హార్మోనియం రహస్యం. ఇదే సూత్రం మీద పనిచేసే ‘షెంగ్’ అనే వాద్యం చైనాలో ప్రాచీన కాలం నుండి ఉంది. హార్మోనియం పేరుతో 1842లో పారిస్ నగరంలో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ డెబెయిన్. అది బల్లలాగా నిలబడి, కాళ్ళతో తొక్కి వాయించే పెట్టె. యూరోపియన్ల ద్వారా అది భారతదేశానికి వచ్చింది. 19వ శతాబ్దం చివరి భాగంలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ దానిని నేల మీద కూర్చుని వాయించడానికి వీలుగా చేతి హార్మోనియంగా మార్చాడు.

మన తెలుగు నేల మీద ఈ పెట్టెకు మూడు చోట్ల ఆదరణ దొరికింది. అవి చర్చి, భజన, నాటకం. నెల్లూరులో 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ప్రారంభమైంది. తరువాతి కాలంలో చర్చి కీర్తనలకు హార్మోనియం తోడైంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం వంటి సంస్థలు పద్యాన్ని, పాటను ఊరూరా తిప్పాయి. నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తి గారి కుమారుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు (1946–2020) చిన్నతనంలోనే హార్మోనియం వాయించడం నేర్చుకున్నారు.

అయితే ఈ పెట్టెకు అవమానం కూడా జరిగింది. 1940 మార్చి 1 నుండి ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధం సాగింది. ఒక స్వరం నుండి ఇంకొక స్వరానికి జారే గమకం ఈ పెట్టెలో పలకదు, దీని స్వరాల కొలతలు మన రాగాలకు సరిగా అతకవు అన్నది విద్వాంసుల వాదన. ఆ లోపం నిజమే. కానీ రేడియోలో చోటు దక్కని ఆ 31 ఏళ్ళలోనూ పల్లెల్లో పద్యానికి శ్రుతి పట్టింది ఇదే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చినప్పుడు నటులు గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కలిపి పాడతారు. అంటరానితనాన్ని స్వయంగా అనుభవించిన కవి పద్యం అది. మన వాడల్లో ఆ పద్యాన్ని ఎత్తుకున్న గొంతులకు తోడు నిలిచింది ఈ పెట్టె. అందుకని దీనిని మన చరిత్రలో ఒక భాగంగా చూడాలి.

లోపల ఏముంటుంది?

బాగు చేసే ముందు భాగాలు తెలియాలి.

1. తొక్కుడు చెక్కలు: కింద కాళ్ళతో తొక్కేవి. పటకాతోనో తాడుతోనో తిత్తులకు కలిపి ఉంటాయి.
2. తిత్తులు: కొలిమి తిత్తి వంటివే. చిన్న తిత్తులు గాలిని తోస్తాయి. పెద్ద తిత్తి ఆ గాలిని నిలవ చేసి, స్ప్రింగు ఒత్తిడితో సమంగా పంపుతుంది. తొక్కుడు ఆగి సాగినా స్వరం ఊగకుండా ఉండేది దీనివల్లనే.
3. తోలు తలుపులు: గాలి ఒకవైపే పోయేలా చేసే పలుచని తోలు ముక్కలు. మన గుండెలోని కవాటాలు, బోరింగు పంపులోని వాచరు చేసే పనే ఇవి చేస్తాయి.
4. మెట్లు: వేళ్ళతో నొక్కేవి. మెట్టు నొక్కితే దాని కింది మూత లేచి గాలికి దారి ఇస్తుంది. వదిలితే స్ప్రింగు మూతను మూసేస్తుంది.
5. రీడ్లు: ఇత్తడి పలక మీద బిగించిన సన్నని ఇత్తడి నాలుకలు. స్వరం పుట్టేది ఇక్కడే.

మన వాళ్ళ నాటకాలకు చేతి పెట్టె కన్నా లెగ్ హార్మోనియం ఎందుకు నచ్చింది? రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కనుక రెండింటితోనూ వాయించవచ్చు. కాలి బలంతో వచ్చే గాలి ఎక్కువ కనుక శబ్దం పెద్దది. మైకులు లేని రోజుల్లో ఐదు, ఆరు శ్రుతుల్లో పాడే నటుడి గొంతుకు సరితూగింది ఇదే.

ఎక్కడ వెతకాలి? ఏమి అడగాలి?

మా హాస్టల్లో చదివే వాళ్ళలో చాలామందిమి సముద్రం దగ్గరి పల్లెల నుండి వచ్చినవాళ్ళమే. మన ఊళ్ళో నాటకాలు ఆడిన తాతలు ఇంకా ఉన్నారు. ముందుగా వాళ్ళను అడగాలి. “తాతా, మన వాడలో హార్మణీ ఎవరు వాయించేవాళ్ళు? ఆ పెట్టె ఇప్పుడెక్కడుంది?” అని అడిగితే చాలు, కథ దానంతట అదే వస్తుంది. పెట్టెను ఏ సంవత్సరంలో కొన్నారు, చందాలు ఎవరు వేశారు, ఏ నాటకాలకు వాయించారు, హార్మోనిస్టు మాస్టారు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే విషయాలు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. చెక్క పెట్టెను ఎప్పుడైనా బాగు చేసుకోవచ్చు. ఆ మాటలు మాత్రం పెద్దవాళ్ళు ఉండగానే దొరుకుతాయి.

పెట్టె ఎవరిదైతే వారి అనుమతి తప్పనిసరి. అది చర్చిదైతే పెద్దలను, భజన మందిరానిదైతే కమిటీని అడిగిన తరువాతే చెయ్యి పెట్టాలి. కదిలించక ముందే నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. తయారు చేసిన కంపెనీ పేరున్న రేకు గాని, కాగితం గాని ఉంటే దానిని గోకకూడదు, దాని మీద రంగు వేయకూడదు. ఆ పెట్టె పుట్టిన ఊరును చెప్పే సాక్ష్యం అదొక్కటే కావచ్చు.

సముద్రపు గాలి చేసే హాని

మైపాడు, కృష్ణపట్నం, తుమ్మలపెంట వంటి తీరపు ఊళ్ళలో గాలిలో ఉప్పు ఉంటుంది. ఇసకపల్లి దగ్గర ఆ సముద్రపు నీటితోనే ఉప్పు పండిస్తారు. ఉప్పు తేమను పీల్చుకుంటుంది. ఉప్పు కలిసిన తేమ తగిలితే ఇనుము త్వరగా తుప్పు పడుతుందని రసాయన శాస్త్రంలో చదువుకున్నాం. కనుక తీరంలో ముందు పాడయ్యేవి ఇనుప స్ప్రింగులు, మరలు. రాగి, జింకు కలిసిన ఇత్తడి అంత త్వరగా పాడవదు. దాని మీద చిలుము మాత్రం పడుతుంది. మన జిల్లాకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను, 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద మన పెద్దలకు గుర్తే. తడిసిన చెక్క ఉబ్బుతుంది, పాత బంక వదిలిపోతుంది, తిత్తుల గుడ్డ కుళ్ళుతుంది. మిగిలిన దానిని చెదలు, బొద్దింకలు, ఎలుకలు చూసుకుంటాయి.

ఇందులో గమనించవలసిన ముఖ్య విషయం ఒకటుంది. పాడయ్యేవి గుడ్డ, తోలు, అట్ట, స్ప్రింగు. ఇవి మార్చుకోదగినవి, ఖరీదు కూడా తక్కువ. స్వరం పుట్టే రీడ్లు చాలావరకు బాగానే మిగిలి ఉంటాయి. అంటే మూగబోయిన పెట్టెకు చాలాసార్లు ఊపిరే పోయింది, గొంతు పోలేదు.

బాగు చేసే వరుస

మొదటి మెట్టు, దుమ్ము దులపడం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తని కుంచెతో దులపాలి. తడిగుడ్డ వాడరాదు. తడిసిన పెట్టెను ఎండలో పెడితే చెక్క పగులుతుంది. నీడలో గాలికి ఆరనివ్వాలి.

రెండవ మెట్టు, గాలి పరీక్ష. మెట్లేవీ నొక్కకుండా తొక్కి, పెద్ద తిత్తి నిండాక కాలు తీసి లెక్కపెట్టాలి. తిత్తి మెల్లగా దిగితే మంచిది. నాలుగైదు అంకెల లోపే కూలిపోతే ఎక్కడో గాలి పోతోంది. వెలిగించిన అగరుబత్తిని గుడ్డకు తగలకుండా అతుకుల వెంట పట్టుకుంటే పొగ చెదిరే చోట చిల్లు ఉన్నట్టు. ఈ పని పెద్దవాళ్ళ ఎదుటనే చేయాలి.

మూడవ మెట్టు, తిత్తులు. చిన్న చిల్లయితే పలుచని తోలు ముక్క అతికితే సరిపోతుంది. మడతలన్నీ చివికిపోతే పాత గుడ్డ కొలతలు కాగితం మీద గీసుకుని, గాలి చొరని దగ్గరి నేత గుడ్డతో కొత్తది వేయాలి. మూలలకు పలుచని మేకతోలు వాడాలి. డప్పుకు తోలు మూసే పనివాళ్ళు మన వాడల్లోనే ఉన్నారు. ఏ తోలు సాగుతుందో, ఏది బిగుస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. వాళ్ళను గురువులుగా పిలవాలి. బంక విషయంలో వడ్రంగులు వేడి చేసి వాడే పాతకాలపు బంక మేలు. రేపు ఇంకొకరు విప్పవలసి వస్తే వేడికి, తడికి అది వదులుతుంది.

నాలుగవ మెట్టు, మెట్లు. నొక్కకుండానే ఒక స్వరం మోగుతూ ఉంటే దాని మూత సరిగా పడటం లేదని అర్థం. దుమ్ము చేరి ఉండవచ్చు, స్ప్రింగు బలహీనపడి ఉండవచ్చు, లేదా చెక్క ఉబ్బి మెట్టు పక్కదానికి రాసుకుంటూ ఉండవచ్చు. కారణం తెలిసిన తరువాతే చెయ్యి పెట్టాలి.

ఐదవ మెట్టు, రీడ్లు. ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి. ఒక పెద్ద కాగితం మీద అంకెలు వేసుకుని, విప్పిన ప్రతి రీడును దాని అంకె మీదనే పెట్టాలి. వరుస తప్పితే మళ్ళీ కూర్చడం చాలా కష్టం. మెత్తని పొడి కుంచెతో నాలుక పొడవునా మెల్లగా తుడవాలి. మన ఇళ్ళలో ఇత్తడి బిందెలను చింతపండుతో తోముతాం కదా అని రీడ్లను అలా తోమరాదు. చింతపండులోని ఆమ్లం పలుచని నాలుకను తినేస్తుంది, పిప్పి సందులో ఇరుక్కుంటుంది. నూనె కూడా రాయకూడదు. గరగర వచ్చే రీడులో నాలుక అంచుకు తగులుతోందేమో వెలుతురుకు ఎత్తి చూడాలి. నాలుక విరిగితే కొత్త రీడు వేయక తప్పదు. గుజరాత్ రాష్ట్రంలోని పాలిటానా రీడ్ల తయారీకి పేరు పొందింది.

శ్రుతి చేయడంలోని శాస్త్రం

స్కేలును బల్ల అంచున పెట్టి మీటి చూడండి. బయట ఉన్న భాగం పొట్టిదయితే వేగంగా, పొడుగుదయితే నెమ్మదిగా కంపిస్తుంది. రీడు కూడా అంతే. నాలుక కొన దగ్గర ఏ మాత్రం గీకినా బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. మొదలు దగ్గర గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. గీకిన ఇత్తడి తిరిగి రాదు కనుక ఇది అనుభవం ఉన్నవారు మాత్రమే చేయవలసిన పని.

ఒక స్వరం పౌనఃపున్యం 440 హెర్ట్జ్ అయితే పక్క మెట్టుది దానికి 1.0595 రెట్లు, అనగా సుమారు 466. ఇలా 12 మెట్లు దాటితే 880, అంటే సరిగ్గా రెట్టింపు. రెండు రీడ్లు 440, 437 వద్ద కలిసి మోగితే సెకనుకు 3 విస్పందనాలు వినిపిస్తాయి. ఆ ఊగుడు ఆగిపోతే రెండూ కలిసినట్టు. నేడు ఫోనులోని ట్యూనర్ యాప్ ఈ అంకెలను చూపిస్తుంది.

కానీ యాప్ చెప్పిందే వేదం కాదు. 440 అనే కొలత మీద అంతర్జాతీయంగా ఒప్పందం కుదిరింది 1939లో. ఫ్రాన్సులో 1859లో పెట్టుకున్న కొలత 435. కనుక పాత పెట్టె మొత్తం ఒకే లెక్కలో కొంచెం తగ్గి ఉంటే అది దోషం కాదు, దాని వయసు. అన్ని రీడ్లనూ గీకి 440కి తేవాలని చూస్తే పెట్టెనే పాడుచేసిన వాళ్ళమవుతాం. పాడేవాడే పెట్టె శ్రుతికి గొంతు కలుపుకోవచ్చు.

నిలబెట్టుకోవడం

బాగైన పెట్టెను గోడకు ఆనించకుండా, నేలకు తగలకుండా ఇటుకల మీద పలక వేసి పెట్టాలి. ప్లాస్టిక్ కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది కనుక నూలు గుడ్డ కప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, వారానికి ఒకసారైనా వాయించాలి. గాలి ఆడే పెట్టెలో పురుగు చేరదు, తోలు బిరుసెక్కదు.

మిత్రులారా! ఒక వాడ ప్రజలు కూలి డబ్బుల్లోంచి చందాలు వేసి కొనుక్కున్న వాద్యానికి, తూకం వేసే ఇత్తడికి వెల ఒక్కటి కాదు. ఈ సెలవులకు ఇళ్ళకు వెళ్ళినప్పుడు మనం చేయగలిగినవి మూడు. పెట్టె ఎక్కడుందో తెలుసుకోవడం, దాని కథ రాసుకోవడం, అమ్మవద్దని పెద్దలను ఒప్పించడం. ఈ మూడింటికి డబ్బు అక్కరలేదు. తిత్తి కుట్టే చేతులు, చెక్క పని చేసే చేతులు మన ఊళ్ళోనే ఉన్నాయి. వాయించడం నేర్పగల మాస్టార్లు ఉండగానే ఆ పెట్టె దగ్గర కూర్చుని నాలుగు పద్యాలు నేర్చుకుందాం. మళ్ళీ వచ్చే వార్షికోత్సవంలో మన హాస్టల్ స్టేజీ మీద జాషువా గారి పద్యం లెగ్ హార్మోనియం శ్రుతిలోనే వినిపించాలని మనమందరం పూనుకుందాం.