ఆక్టేవియా బట్లర్ – సైన్స్ ఫిక్షన్ రాసిన పనిమనిషి కూతురు

మనలో చాలామందిమి 'ఆదిత్య 369' (1991) సినిమా చూసే ఉంటాం. కాలయంత్రం ఎక్కినవాళ్లు శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్లి, ఆ కొలువు వైభవం చూస్తారు. అమెరికా నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ కూడా గతంలోకి వెళ్లే నవల ఒకటి రాశారు. పేరు 'కిండ్రెడ్' (1979). అందులో యంత్రం లేదు, రాజూ లేడు. 1976లో కాలిఫోర్నియాలో ఉంటున్న డేనా అనే నల్లజాతి యువతి ఉన్నట్టుండి పందొమ్మిదో శతాబ్దపు మేరీల్యాండ్‌లో, బానిసలతో సాగు చేయించే భూస్వామి కమతంలో పడుతుంది. చదువుకున్న పిల్లే. అయినా అక్కడ ఆమెకు దక్కేది కొరడా దెబ్బ.

ఈ నవల వెనుక రచయిత్రి తల్లి ఉన్నారు. బట్లర్ 1947 జూన్ 22న కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టారు. బూట్లు పాలిష్ చేసే తండ్రి ఆమె చిన్నతనంలోనే పోయారు. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పనికి వెళ్లేవారు, అదీ వెనక గుమ్మం గుండా. అక్కడివాళ్లు ఎంత చులకనగా మాట్లాడినా పలికేవారు కారు. అది చూసి కూతురు సిగ్గుపడేది, అమ్మ ఎందుకు పడి ఉంటుందని మండిపడేది. తరువాత కాలేజీలో తోటి నల్లజాతి విద్యార్థి ఒకరు పెద్దతరం వాళ్లను బానిస బుద్ధులని ఈసడించారు. అప్పుడు ఆమెకు తట్టింది: ఆ అవమానం మింగి తెచ్చిన కూలితోనే కదా తాను తిన్నది! ఆనాటివాళ్ల ఓర్పు పిరికితనమో, పిల్లల్ని బతికించుకునే దారో ఈ కాలపు మనిషికి ఒంటి మీద తెలియాలనే డేనాను వెనక్కి పంపారు.

యజమానులు పారేసిన పుస్తకాలను ఇంటికి మోసుకొచ్చిందీ ఆ తల్లే. డిస్లెక్సియా వల్ల బడిలో వెనకబడిన బట్లర్‌కు, పదేళ్లప్పుడు అడిగితే టైప్‌రైటర్ కొనిపెట్టిందీ ఆమే. పన్నెండేళ్లప్పుడు టీవీలో ఒక నాసిరకం మంగళగ్రహం సినిమా చూసి, ఇంతకన్నా నేనే బాగా రాయగలనని బట్లర్ మొదలుపెట్టారు. నల్లవాళ్లు రచయితలు కాలేరని చెప్పిన బంధువూ ఉన్నారు.

1970లో క్లారియన్ రచనా శిబిరానికి వెళ్లి రెండు కథలు అమ్మగలిగారు. తరువాత ఐదేళ్లు ఒక్కటీ అమ్ముడుపోలేదు. గిన్నెలు కడిగారు, ఫోన్లలో సరుకులు అమ్మారు, ఆలూ చిప్స్ తనిఖీ చేశారు. పనికి పోయేముందు రాత్రి రెండింటికి లేచి రాసేవారు. (మనం స్టడీ బెల్లుకే విసుక్కుంటాం!) మొదటి నవల 1976లో వచ్చింది. 'స్పీచ్ సౌండ్స్' కథకు 1984లో హ్యూగో అవార్డు, 'బ్లడ్‌చైల్డ్'కు హ్యూగో, నెబ్యులా రెండూ వచ్చాయి. 1995లో 2,95,000 డాలర్ల మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నారు. సైన్స్ ఫిక్షన్ రచయితలలో దాన్ని పొందిన తొలి వ్యక్తి ఆమే.

2006 ఫిబ్రవరి 24న, 58వ ఏట కన్నుమూశారు. 2021లో పర్సెవరెన్స్ రోవర్ అంగారకుడిపై దిగిన చోటికి నాసా ఆమె పేరు పెట్టింది.

ఇంగ్లీషంటే బెదురున్నవాళ్లు 'స్పీచ్ సౌండ్స్'తో మొదలుపెట్టండి. చిన్న కథ, వాక్యాలు తేలిక. ఏదో జబ్బు వచ్చి కొందరికి మాట, కొందరికి చదువు పోయిన లోకం అది. బస్సులో గొడవతో మొదలవుతుంది.