కానుక – కట్టుబాటు

ఆత్మీయులకు కానుకలు ఇచ్చి ఆనందించడం మానవ సహజం. అయితే ఆ కానుకే ఒక్కొక్కప్పుడు భార్యాభర్తల నడుమ పొరపొచ్చాలకు కారణమవుతుంది. ఏటా డిసెంబరు మాసంలో అమెరికాలోని ఎన్నో ఇళ్లలో తలెత్తే తగవు ఇందుకు నిదర్శనం.

అక్కడ క్రిస్మస్ కానుకలు కన్నపిల్లలతో ఆగిపోవు. ఇరువైపుల తల్లిదండ్రులు, తోబుట్టువులు, వారి సంతానం, అందరూ ఆ జాబితాలో ఉంటారు. పైగా పలు కుటుంబాలలో పండుగనాటి ఉదయం అందరి సమక్షంలోనే కానుకలు విప్పుతారు. అందువల్ల ఇచ్చేవారి మనసుతో పాటు చేతి కొలత కూడా బయటపడుతుంది.

ఒక దంపతుల జంటను ఊహించుకుందాం. బంధువుల కానుకలకు 600 డాలర్లు మించకూడదని నవంబరులో ఇద్దరూ నిశ్చయించుకున్నారు. డిసెంబరులో భర్త తన అన్నకొడుకు కోసం 200 డాలర్ల సైకిలును క్రెడిట్ కార్డుపై అదనంగా కొన్నాడు. "పసివాడి సంతోషం కంటే డబ్బు ఎక్కువా?" అని అతడి ప్రశ్న. "ఇద్దరం కలిసి అనుకున్న మాటను ఒక్కరే మార్చవచ్చునా?" అని ఆమె ప్రశ్న.

అతడిది దుబారా అనలేం. పెద్ద కుటుంబంలో అందరికీ పంచుతూ పెరిగినవాడు. ఆమెది పిసినారితనమూ కాదు. పండుగ వెళ్లాక జనవరిలో అప్పుల బాధను పుట్టింట చూసినది. 2024లో అమెరికాలో క్రెడిట్ కార్డు బాకీలపై సగటు వడ్డీ ఏడాదికి 20 శాతానికి మించిందంటే ఆమె భయం అకారణం కాదని తెలుస్తుంది.

ఈ చిక్కు నేటిది కాదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పట్టణంలో ఒక బ్యాంకు 1909లోనే క్రిస్మస్ పొదుపు పథకాన్ని ప్రారంభించింది. వారం వారం కొద్ది మొత్తం దాచుకొని పండుగకు ముందు తీసుకోవడం దాని పద్ధతి.

ఓ. హెన్రీ 1905లో ప్రచురించిన 'ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై' కథ కూడా ఈ సమస్య చుట్టూ అల్లినదే. డెల్లా దగ్గర ఉన్నది 1 డాలరు 87 సెంట్లు మాత్రమే. భర్త గడియారానికి గొలుసు కొనడానికి ఆమె తన కురులను అమ్ముకుంటుంది. ఆమె కురులకు దువ్వెనలు కొనడానికి జిమ్ తన గడియారాన్ని అమ్ముకుంటాడు. ఒకరికి తెలియకుండా ఒకరు చేసినా మనం వారిని తప్పుపట్టం. ఎందుకంటే వారు అమ్ముకున్నది తమ సొంతమైనదాన్ని. ఉమ్మడి సొమ్మును అడగకుండా ఖర్చు చేయడం అటువంటి త్యాగం కాదు.

కనుక దంపతులు ముందుగా పేర్లు రాసుకొని, ఆ తరువాతే మొత్తాన్ని నిర్ణయించుకోవాలి. పెద్దల పేర్లు చీటీలు వేసి, ఒక్కొక్కరు ఒక్కరికే కానుక ఇచ్చే పద్ధతిని అక్కడి కుటుంబాలు కొన్ని పాటిస్తున్నాయి. ఎవరి ఇష్టానికి వారు వాడుకునేందుకు చెరి కొంత సొమ్ము విడిగా ఉంచుకోవచ్చు. హద్దు దాటవలసి వస్తే కొనకముందే చెప్పాలి. కొన్నాక చెప్పేది కబురే గాని సంప్రదింపు కాదు.

సైకిలు పొందిన బాలుడి ఆనందం నిజమైనదే. కాని దాని బాకీని జనవరిలో తీర్చవలసినది ఆ ఇద్దరూ కలిసి. కలిసి మోయవలసిన భారాన్ని కలిసి నిర్ణయించుకోవడమే న్యాయం.

ప్రశ్నలు
1. డెల్లా, జిమ్‌ల త్యాగానికీ, సైకిలు కొన్న భర్త ఔదార్యానికీ గల భేదాన్ని వివరించండి.
2. పై దంపతులలో ఎవరి వాదనను మీరు సమర్థిస్తారు? ఎందుకు?