బడి విడిచిన పిదప: యువజన కార్యకర్త ధర్మము

అమెరికా దేశమున, కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ నగరములో 1860వ సంవత్సరమున మేరీ గుడ్విన్, ఆలిస్ గుడ్విన్, ఎలిజబెత్ హామర్స్‌లీ అను స్త్రీలు వీధులలో తిరుగాడు బాలురకొక మంచి చోటు కల్పింపదలచి సంఘమును నెలకొల్పిరి. ఇట్టి సంఘములు 53 కూడి 1906లో బోస్టన్‌లో సమాఖ్యగా నేర్పడినవి. 1990లో ఆ సమాఖ్య 'బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్స్ ఆఫ్ అమెరికా' యను పేరు దాల్చినది. స్త్రీలు నాటిన మొక్క పేరులో బాలికలకు స్థానము లభించుటకు నూట ముప్పది యేండ్లు పట్టినదన్నమాట!

ఈ క్లబ్బులలో బిడ్డలతో నిత్యము మెలగు ఉద్యోగిని యువజనాభివృద్ధి కార్యకర్త యందురు. బడి విడుచు వేళకును, తల్లిదండ్రులు పని నుండి మరలు వేళకును నడుమనుండు కొన్ని గంటలే ఆతని కార్యక్షేత్రము. హాజరు వ్రాయుట, ఫలహార మిచ్చుట, ఇంటిపాఠములు చేయించుట, ఆటలాడించుట పైకి కనబడు పనులు. ప్రతి బిడ్డను పేరుపెట్టి పిలుచుటయు, నిన్న నవ్విన బిడ్డ నేడేల ముడుచుకొని యున్నదో గమనించుటయు అసలు పని. కావలివానికిని కార్యకర్తకును భేదమిచ్చటనే యున్నది.

నియామకమునకు ముందును, పిదప ఏటేటను ఆతని పూర్వచరిత్రను విచారింతురు. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు: ఇతరుల కంటబడని తావున ఏ బిడ్డతోను ఒంటరిగా నుండరాదు. మనవైపు పెద్దలకిది కటువుగ దోచవచ్చును. ఏడ్చు బిడ్డను ప్రక్కగదిలోనికి దీసికొనిపోయి ఓదార్చుట దయయని మన తలంపు. కాని కీడు చేయదలచువానికిని గావలసినది ఆ ప్రక్కగదియే. ఎవడు మంచివాడో ముఖము చూచి చెప్పజాలము గనుకనే నియమ మవసరమైనది. ఓదార్పు మానరాదు, నలుగురికి కనబడుచు, మాటలు మాత్రము వినబడని మూల కూర్చుండి ఓదార్పవలెను.

ఇంటిలో దెబ్బలు తినుచున్నానని బిడ్డ చెప్పి, "ఎవరికిని చెప్పవద్దు" అని వేడుకొన్నచో కార్యకర్త యట్టి మాట యీయరాదు. అధికారులకు దెలుపుట ఆతని విధి. మాట యిచ్చి తప్పినచో ఆ బిడ్డ మరల ఏ పెద్దను నమ్మును? కనుక ఆ సంగతి ముందే మెల్లగ చెప్పవలెను.

ఇది పెక్కుచోట్ల కొలదిగంటల వేతనోద్యోగము. వేతనము గొని చేయు సేవ తక్కువదికాదని కాయకము నెరిగిన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. చిక్కు వేరొకటి: కార్యకర్తలు తరచుగ మారినచో, అప్పుడే నమ్మిక గలిగిన బిడ్డ మరల క్రొత్తవానితో మొదలిడవలెను. వెడలువాడు వీడ్కోలు చెప్పక మాయమగుట ఎంతమాత్రము తగదు.

సాయంకాలము తలుపులు మూయు వేళ, తల్లి రాక ఆలస్యమై ఒక్క బిడ్డయే మిగిలియున్నచో, పై నియమమును బట్టి ఒక్కరు గాక ఇద్దరు కార్యకర్తలు వేచియుండవలెను.