జలుబు మాత్ర వేస్తే మూత్రం ఎందుకు ఆగింది?

ఈ హాస్టల్లో పక్కపక్కనే ట్రంకు పెట్టెలు పెట్టుకుని పదో తరగతి దాకా చదివి, తర్వాత ఫార్మసీలో చేరినవాళ్ళం మేమిద్దరం. రెండో సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో మాలో ఒకరి తాతయ్యకు జలుబు చేసింది. మందుల షాపులో అడిగి తెచ్చి మాత్ర ఇచ్చింది మేమే. తెల్లవారేసరికి పొత్తికడుపు ఉబ్బి, చుక్క మూత్రం రాక ఆయన మెలికలు తిరిగిపోయారు. ఆస్పత్రిలో గొట్టం వేస్తే గాని ప్రాణం కుదుటపడలేదు. "ఏం మాత్ర వేశారు?" అని డాక్టరుగారు అడిగితే మేము తల దించుకున్నాం.

కారణం మా నోట్సులోనే ఉంది. మూత్రాశయం గోడ నునుపు కండరంతో తయారైన సంచి. దాన్ని చెయ్యి కదిపినట్టు మన ఇష్టప్రకారం కదపలేం. సింపథెటిక్ నాడులు నార్ ఎడ్రినలిన్‌ను విడుదల చేసి సంచిని వదులుగా ఉంచుతాయి, దాని మెడను బిగిస్తాయి. ఒకే రసాయనం ఒకచోట వదులు చేసి ఇంకోచోట బిగించడమేమిటని మాకు మొదట్లో అర్థం కాలేదు. తేడా గ్రాహకాల్లో ఉంది: గోడలో ఉన్నవి ముఖ్యంగా బీటా-3, మెడలో ఉన్నవి ఆల్ఫా-1. సంచి నిండాక వెన్నుపాము త్రిక ప్రాంతపు 2, 3, 4 ఖండాల నుంచి వచ్చే పారాసింపథెటిక్ నాడులు ఎసిటైల్ కోలిన్‌ను విడుదల చేస్తాయి. గోడ ముడుచుకుంటుంది, మూత్రం వస్తుంది. వీటన్నిటి కింద మన మాట వినే సంవరణి కండరం ఒకటుంది. వార్డెన్ సారు హాజరు పిలవడం అయ్యేదాకా మనం బిగబట్టుకుని నిలబడింది దాని చలవే!

తాతయ్యకు ఇచ్చిన మాత్రలో రెండు మందులున్నాయి. ఫినైలెఫ్రిన్ ముక్కులోని రక్తనాళాలను ఆల్ఫా-1 ద్వారా కుదిస్తుంది. అదే మందు మూత్రాశయం మెడనూ, ప్రోస్టేట్‌లోని నునుపు కండరాన్నీ బిగించగలదు. క్లోర్ ఫెనిరమిన్ ఎసిటైల్ కోలిన్‌కు కొంత అడ్డుపడుతుంది. అంటే తోసే బలం తగ్గింది, దారి బిగిసింది. వయసుతో ప్రోస్టేట్ పెరిగి ఆయనకు ఆ దారి అప్పటికే ఇరుకు. ఉమ్మెత్త కాయ తిన్నవారికి మూత్రం బిగుసుకుపోవడానికీ ఎసిటైల్ కోలిన్‌కు అడ్డుపడే అట్రోపిన్ వంటి పదార్థాలే కారణం. మాటిమాటికీ ఆపుకోలేక పరుగెత్తేవారికి ఆ అడ్డే మేలు చేస్తుంది. ఆక్సిబ్యుటినిన్ ఇచ్చేది అందుకే.

తాతయ్యకు టామ్సులోసిన్ మొదలుపెట్టారు. అది ఆల్ఫా-1 గ్రాహకాలను అడ్డుకుని మెడను వదులు చేస్తుంది. మూడో రోజు గొట్టం తీశాక ఆయనంతట ఆయనే వెళ్ళొచ్చారు. ఈ మందుతో కొందరికి లేచేటప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అందుకని మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. ఆ కాసేపూ పక్కన నిలబడే డ్యూటీ సెలవులు అయ్యేదాకా మాదే.